రాని చిన్నాయన

నా చిన్నప్పుడు, తొమ్మిదేళ్ళ వయసులో, మా నాయనకు కడుపులో పుండు పగిలి జమ్మలమడుగు ఆసుపత్రిలో పెద్ద ఆపరేషన్ చేశారు. మాది పులివెందుల దగ్గర పల్లె. నన్ను వాళ్ళింట్లో ఉంచుకోమని అమ్మ అడిగితే, మా చిన్నాయన భార్య చిన్నమ్మ ఒంట్లో బాగాలేదంది. అందుకని నేనూ అమ్మ వెంట ఆసుపత్రికి పోయాను. చిన్నాయన బస్సు దాకా వచ్చి మూటలు ఎక్కించి, రెండు రోజుల్లో వస్తానన్నాడు.

ఆ చిన్నాయనను పెంచింది మా నాయనే. అవ్వా తాతా పోయేనాటికి ఆయనకు ఆరేళ్ళట. నాయన తన బడి మానుకుని సేద్యంలోకి దిగి, తమ్ముణ్ణి చదివించి పెళ్ళి చేశాడు.

ఆసుపత్రిలో మూడు వారాలున్నాం. నాయనకు దగ్గు వస్తే కుట్లు కదలకుండా అమ్మ ఆయన కడుపు మీద దిండు పెట్టి రెండు చేతులతో అదిమి పట్టుకునేది. ఒళ్ళు తుడిచేది, పక్కకు తిప్పేది, వెనక షెడ్డులో మూడు రాళ్ళ పొయ్యి మీద జావ కాచి తెచ్చేది. మంచం పక్కన నేల మీదే నడుము వాల్చేది.

ఆరో రోజు నుంచి జావ తాగించమన్నారు. నాయన నోరు తెరవలేదు. తలుపు వైపు చూడడం, కళ్ళు మూసుకోవడం. రెండు రోజులు అట్లే గడిచాయి. తినకపోతే కుట్లు మానవని సిస్టరమ్మ అమ్మనే కోప్పడి పోయింది. అప్పుడు నాయన గోడ వైపు తిరిగి అడిగాడు.

"మావోడు రాల్యా?"

అమ్మ గిన్నెలో చెంచా తిప్పుతూ, "వచ్చినాడు. నువ్వు నిద్రపోతాంటివి, లేపొద్దన్యాడు. చెనిక్కాయ చేలో కలుపు తీపిస్తాండాడంట. దిగులు పెట్టుకోవద్దని చెప్పిపోయినాడు" అంది.

నాయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ పూట గిన్నెడు జావ తాగాడు.

ఎవరూ రాలేదు. పొద్దున్నుంచీ ఆ మంచం దగ్గరే కూర్చున్న దాన్ని నేను. అమ్మ గిన్నె కడగడానికి పోతే వెనకే పోయి, అబద్ధం ఎందుకు చెప్పావని అడిగాను. అమ్మ తల ఎత్తకుండా అంది.

"మీ నాయన తినాల పాపా. నేను పెడితే తినల్యా, చూస్తివి గదా."

ఆ తర్వాత అమ్మ మాటల్లో చిన్నాయన రెండు రోజులకోసారి వస్తూనే ఉన్నాడు, ఎప్పుడూ నాయన నిద్రపోతున్నప్పుడే. ఒకసారి కంటతడి పెట్టుకున్నాడు. ఒకసారి అన్న కోలుకుంటే చాలన్నాడు. నాయన అదంతా వింటూ తిన్నాడు, లేచి కూర్చున్నాడు, నడిచాడు. చిన్నాయన ఆ రోజుల్లో శ్రావణ శనివారాలకు గండికి పోయి ఆంజనేయస్వామిని చూసుకుని వస్తున్నాడని మాకు ఇంటికి వచ్చాకే తెలిసింది.

మేం బస్సు దిగిన రోజు చిన్నాయన ఇంటి ముందరే ఉన్నాడు. నాయన ఆయన చేతులు రెండూ పట్టుకుని ఏడ్చాడు.

"నువ్వు అన్నిసార్లు రాకపోయింటే నేను బతికేవాణ్ణి గాదురా."

చిన్నాయనకు అర్థం కాలేదు. అమ్మ వైపు చూశాడు. అప్పుడాయన నాయన భుజం తట్టి, "అన్న కోసం ఆ మాత్రం చెయ్యనా" అన్నాడు. అమ్మ మూట తీసుకుని లోపలికి పోయింది.

ఇక బతికినన్నాళ్ళూ నాయన ఆ కథ ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్పాడు. ఆ కథలో అమ్మ ఎక్కడా ఉండేది కాదు. వచ్చినవాళ్ళకు మజ్జిగ ఇస్తూ అమ్మ అది వినేది. నాకు పెళ్ళయ్యాక ఒకసారి, నేను నాయనకు నిజం చెప్పేస్తానన్నాను.

"ఇప్పుడు చెప్పి ఏం చేస్తావు? ఆయనకు తమ్ముడు లేకుండా పోతాడు, నేను అబద్ధాలకోరునైతా" అంది అమ్మ.

అమ్మే ముందు పోయింది. దినాల్లో, పలకరించడానికి వచ్చినవాళ్ళతో నాయన, తన తమ్ముడు ఉండబట్టి ఆమెకు కష్టమంటే ఏందో తెలియలేదని చెప్పాడు. పక్కనే ఉండి విన్నాను.

పోయినేడు మా ఇంటాయనకు ప్రొద్దుటూరు ఆసుపత్రిలో పేగు కోసి కుట్టారు. వాళ్ళక్క ఉండేది ఆ ఊళ్ళోనే, ఆటోలో పది నిమిషాలు. ఐదో రోజు అన్నం మెత్తగా పిసికి నోటి దగ్గర పెడితే ఆయన అక్క వచ్చిందా అని అడిగాడు. వచ్చింది, నువ్వు నిద్రపోతాంటివి అన్న మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాను.

"రాలేదు. రెండుసార్లు ఫోన్ చేసినా. ఈడ నేనే ఉండా" అన్నాను.

ఆయన ఆ పూట ముట్టలేదు. సాయంత్రం నర్సు గట్టిగా చెప్పాక నా వైపు చూడకుండా నాలుగు ముద్దలు తిన్నాడు. ఇంటికి వచ్చాక కూడా చాలా రోజులు నాతో ముభావంగానే ఉన్నాడు. మా అమ్మయితే ఆ పూట ఆయన కడుపు నింపి ఉండేది. ఆయన పస్తున్న ఆ ఒక్క పూట నన్ను ఇప్పటికీ పొడుస్తూనే ఉంది. అయినా ఆయన మళ్ళీ అడిగితే, మళ్ళీ రాలేదనే చెబుతాను.