తెనాలిలో లేని మెట్లు

మా బాజీకి ఒకే ఒక్క జబ్బుంది. ప్రపంచంలో ఏ వింత చూపించినా "ఇంతకంటే మంచిది మా తెనాలిలో ఉంది" అంటాడు. చంద్రుణ్ణి చూపించినా సరే, తెనాలి స్టేషన్లో నిలబడి చూసిన చంద్రుడే పెద్దవాడని వాదిస్తాడు.

నేను సామాన్యుణ్ణి కాను. ఊరి బడిలో అయిదో తరగతి చదివి రెండుసార్లు సర్పంచిగా నెగ్గినవాణ్ణి. రేపల్లె దగ్గర మా ఊరికి మంచినీళ్ళ ట్యాంకు తెచ్చింది నేనే. దాని మీద జగన్నాథరావు అన్న నా పేరు ఇప్పటికీ చెరగలేదు. మనిషి మొహం చూసి మనసు చెప్పేస్తానని చుట్టుపక్కల ప్రతీతి. అలాంటి నేను, అదే బడిలో నా పక్కన కూర్చున్న బాజీని మాత్రం దుబాయ్ వెళ్ళేదాకా చదవలేకపోయాను.

వాడికి తెనాలిలో పరుపుల కొట్టు. మా ఆవిడ రాఘవమ్మను చెల్లెమ్మా అంటాడు కనక నేను వాడికి బావనయ్యాను. తెనాలి, బాపట్ల, రేపల్లె వాళ్ళం ఒక జట్టుగా దుబాయ్ చూసి రావాలనుకున్నప్పుడు రాఘవమ్మ రానంది. కిందటేడు విజయవాడలో ఒక షాపింగ్ మాల్లో, కదిలే మెట్లలో చీర అంచు ఇరుక్కుని పడిపోయింది. లేవదీయాల్సినవాళ్ళు సెల్‌ఫోన్లో వీడియోలు తీశారు. ఆనాటి నుంచి ఆవిడ పెళ్ళిళ్ళకు కూడా రావడం మానేసింది.

"నువ్వు రాకపోతే నేనూ రాను వదినా" అని బాజీ భార్య జమీలా పట్టుబట్టి బయల్దేరదీసింది.

"నా సంగతి అక్కడ ఒక్కరికి తెలిసినా హోటల్ గది దాటి రాను" అంది రాఘవమ్మ.

జమీలాకు తప్ప ఎవరికీ చెప్పలేదు. బాజీకి అసలే చెప్పలేదు. వాడి నోట్లో మాట దాగదు.

దుబాయ్‌లో దిగగానే జబ్బు ముదిరింది. మేఘాలను తాకే భవనం చూపిస్తే, "అంత పైకెక్కితే ఏం కనబడుద్ది? ఇసుకేగా! మన బాపట్ల పోతే కిందే కనబడుద్ది" అన్నాడు. పాటకు తగ్గట్టు ఎగిరే నీళ్ళు చూపిస్తే, "మా కాలవకి లాకులెత్తినప్పుడు చూడు, పాట కూడా అక్కర్లేదు" అన్నాడు. అద్దాల వెనక ఈదే చేపల్ని చూసి, "వాడరేవులో అయితే ఈపాటికి పులుసు ఉడికేది" అని నిట్టూర్చాడు.

కదిలే మెట్ల దగ్గరైతే మరీ మొండికేశాడు.

"మెట్లే కదిలితే ఇంక మనిషికి కాళ్ళెందుకు? నేనెక్కను!"

మా గైడు అజయ్ బాబు బాపట్ల కుర్రాడే. బతిమాలాడు. "అందరూ ఎక్కుతున్నారు కదండి బాబాయిగారూ!"

"మా రేపల్లె బస్సు చెయ్యెత్తితే ఆగుద్ది, మర్యాదగా ఎక్కించుకుంటది. ఇది ఆగుద్దా? ఆగనిదాన్ని నేనెక్కను. లిఫ్టు ఎక్కడుందో చూడు!"

జట్టంతా వాణ్ణి తిట్టుకుంటూ లిఫ్టు కోసం నడిచేది. వాళ్ళతోపాటు రాఘవమ్మా నడిచేది. వాడి జబ్బు మాకు భలే కలిసొచ్చిందనుకున్నాను.

తిరుగు ప్రయాణానికి ముందురోజు మాల్లో కళ్ళజోడు మరిచిపోయి ఒక్కణ్ణే వెనక్కి వెళ్ళాను. చూద్దును కదా, కదిలే మెట్ల మీద ఊరేగింపులో పెళ్ళికొడుకులా మా బాజీ! పైకెక్కుతున్నాడు, దిగుతున్నాడు, మళ్ళీ ఎక్కుతున్నాడు. కింద జమీలా వాడి సంచి పట్టుకుని నవ్వుతోంది.

"ఏరా! మనిషికి కాళ్ళెందుకన్నావు?"

"అదీ బావా..." అంటూనే పైకి వెళ్ళిపోయాడు. మిగతా జవాబు దిగి వచ్చాక చెప్పాడు.

"దిగిన రోజు నుంచీ ఎక్కాలని ప్రాణం పీకేస్తోంది."

"మరి ఎక్కకపోయావా?"

"చెల్లెమ్మ ఆగిపోతే చెల్లెమ్మని చూసి నవ్వుతారు. నేను ఆగితే నన్ను తిడతారు. నన్ను తిట్టడం మనోళ్ళకి అలవాటేగా!"

జమీలా తల దించుకుంది. చెప్పింది ఆవిడేనని అర్థమైంది.

"చెల్లెమ్మతో అనకు బావా" అంటూ మళ్ళీ పైకి వెళ్ళిపోయాడు.

రెండుసార్లు సర్పంచిగా చేసినా ఇంట్లో రహస్యం దాచడం నాకు చేతకాదు. ఆ సాయంత్రమే రాఘవమ్మకు చెప్పేశాను.

మర్నాడు విమానాశ్రయంలో మళ్ళీ అవే మెట్లు. బాజీ గొంతు సవరించుకున్నాడు. "మా తెనాలిలో..."

"ఇక చాల్లే అన్నయ్యా!" అంది రాఘవమ్మ. "ఇవాళ నేనెక్కుతున్నాను. నవ్వేవాళ్ళను నవ్వుకోమను. వీడియోలు తీసేవాళ్ళను తీసుకోమను!"

కొంగు నడుముకు బిగించి ముందుకు నడిచింది. ఎత్తిన పాదం మాత్రం గాల్లోనే ఆగిపోయింది.

అది చూసి బాజీ రోడ్డు మీద నిలబడ్డట్టు నిలబడి చెయ్యెత్తాడు. "ఆపండీ! ఆడకూతురు ఎక్కుతోంది!"

ఆ కేకకు అక్కడి ఉద్యోగి కంగారుపడి ఎర్ర మీట నొక్కాడు. మెట్లు టక్కున ఆగిపోయాయి. ఆగిన మెట్ల మీద రాఘవమ్మ మా డాబా ఎక్కినట్టు ఎక్కేసింది. ఆవిడ వెనక మేము, మా వెనక దేశదేశాల జనం సామాను మోసుకుంటూ కాళ్ళతో ఎక్కారు.

"చూశావా బావా, చెయ్యెత్తితే ఆగింది!" అని బాజీ ఆ ఉద్యోగికి దణ్ణం పెట్టాడు. "థాంక్యూ అండి. తెనాలి వస్తే మా కొట్టుకి రండి!"

పైన రాఘవమ్మ కిందికి చూస్తూ నిలబడింది. "అన్నయ్యా, ఇవి కదులుతుంటే ఇంకా బాగుండేదేమో!"

"దానికేముంది చెల్లెమ్మా, ఆదివారం విజయవాడ పోదాం. ఆ మాల్లోనే ఎక్కుదాం" అన్నాడు బాజీ. తర్వాత గొంతు బాగా తగ్గించాడు. "మన తెనాలిలో అంత మంచివి లేవులే."