పైకి కనపడని కుట్టు

లాండ్రీ కొట్టు వెనకగదిలో, కిటికీ పక్కన, ముప్ఫై ఏళ్ళుగా అదే స్టూలు మీద కూర్చుని చిరుగులకి రఫ్ఫు చేసే మనిషిని అందరూ రఫ్ఫమ్మ అంటారు. సిగరెట్టు కాల్చిన కోటైనా, మేకు పట్టి చీరిన ప్యాంటైనా ఆవిడ చేతిలో పడాలే గానీ, ఆ బట్ట మడతలోంచే నాలుగు పోగులు లాగి, వాటితోనే అల్లి, చిరుగెక్కడుందో తొడుక్కున్నవాడే వెతుక్కునేలా చేస్తుంది. "కుట్టు కనపడలేదంటే పని కుదిరినట్టే" అని ఆవిడ గట్టి నమ్మకం. చెయ్యి ఎంత సుతారమో నోరు అంత దురుసు.

అలాంటి మనిషి ఆర్నెల్లుగా ఆ స్టూలు మీద అరగంట కుదురుగా కూర్చోలేకపోతోంది. గర్భసంచి కిందికి జారింది. నడిస్తే బరువు, దగ్గితే తడి. నిజానికి ఇది పదకొండేళ్ళ నాటి గొడవ. ఎవరితో చెప్పుకుంటుంది? కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందని, వెడల్పాటి పట్టీ ఒకటి తనే కుట్టుకుని లోపల బిగించి కట్టుకుంది. ఆ పట్టీకి కూడా కుట్టు కనపడదండోయ్! రోగం దాచుకోవడంలోనూ పనితనమే.

చివరికి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళక తప్పలేదు. ముందు లోపల రబ్బరు రింగు పెట్టి చూశారు, నిలవలేదు. అప్పుడు డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది.

"ఆపరేషన్‌కి రెండు దారులున్నాయమ్మా. మీ ఒంట్లో ఉన్న కండతోనే లాగి కుట్టడం ఒకటి. కొన్నాళ్ళకి మళ్ళీ జారొచ్చు. పొట్టవైపునుంచి సన్నటి ప్లాస్టిక్ వల వేసి పైకి ఎత్తికట్టడం రెండోది. గట్టిగా పట్టుకుంటుంది గానీ, కొందరికి ఆ వల లోపల ఒరుసుకుని నొప్పి పెడుతుంది. తీయడం వేసినంత తేలిక కాదు. ఒకప్పుడు కిందనుంచి కూడా వేసేవాళ్ళు. అది చాలాచోట్ల మానేశారు, నేనూ వెయ్యను. ఆలోచించుకుని వచ్చేవారం రండి."

వల అనగానే రఫ్ఫమ్మకి తోడికోడలు గుర్తొచ్చింది. ఆవిడకి ఎనిమిదేళ్ళ కిందట కిందనుంచి వల వేశారు. వేసిన దగ్గర్నుంచి లోపల ముల్లు గుచ్చుకుంటున్నట్టుందని ఏడ్చేది. ఆపరేషన్ చేసినాయన చూసి, కుట్టు బాగానే ఉందన్నాడు. అప్పుడు రఫ్ఫమ్మ ఊరుకుందా? ఇంటిల్లిపాదీ భోజనాల దగ్గర ఉండగా, "కుట్టే కనపడకపోతే నొప్పెక్కడిదక్కా? పని తప్పించుకునే వేషాలు కాకపోతే!" అనేసింది. అందరూ నవ్వారు, అక్క మొగుడు, బావగారు, మరీ పగలబడి నవ్వాడు. ఆ తర్వాత అక్క నొప్పి మాట ఎత్తలేదు.

ఇప్పుడు ఏ దారి మంచిదో చెప్పగలిగేది అక్కొక్కతే. మొహం చెల్లకపోయినా రఫ్ఫమ్మ వెళ్ళింది. అక్క వంటగదిలో నిలబడి కూర తరుగుతోంది.

"అక్కా, నాకూ జారింది. వల వేస్తామంటున్నారు."

"ఎన్నాళ్ళనుంచి?"

"పదకొండేళ్ళు."

అక్క కత్తి పక్కన పెట్టింది. "అయితే అప్పటికే నీకూ ఇదే రోగం ఉంది. ఉండి కూడా నావి వేషాలన్నావా?"

"అన్నానక్కా, నా నోరు పడిపోను! నీ నొప్పి నిజమైతే రేపు నాకూ అదే గతి కదా అని భయమేసింది. అబద్ధమైతే బాగుండుననిపించింది" అని రఫ్ఫమ్మ చంటిపిల్లలా ఏడ్చింది.

అక్క ఓదార్చలేదు. ఓదార్చాల్సిన అవసరమూ లేదు. బల్ల తుడిచి, చేతులు కడుక్కుని వచ్చి అంది. "నన్నెవరూ ఏమీ అడగలేదు. సంతకం పెట్టమన్నారు, పెట్టాను. అది వల అని తెలిసిందే ఏడాది తర్వాత. నీకు అడిగే డాక్టరు దొరికింది. నేనూ వస్తాను పద. నువ్వు అడగాల్సింది అడక్కపోతే నేనడుగుతా."

వచ్చేవారం బావగారి కారులోనే వెళ్ళారు, అక్క వెనకసీట్లో పక్కకి ఒరిగి పడుకుంది. ఆయన బయట హాల్లో కూర్చున్నాడు. రఫ్ఫమ్మ పరీక్ష బల్ల ఎక్కి పడుకుంది. అక్క మాత్రం గోడకి ఆనుకుని నిలబడి, ఎందరికి నొప్పొస్తుంది, వస్తే ఎవరు చూస్తారు, తీయాలంటే ఎవరు తీస్తారు అని లాయరులా ప్రశ్నల మీద ప్రశ్నలు వేసింది.

అన్నిటికీ జవాబు చెప్పి డాక్టరమ్మ అంది. "మీరు కూర్చోండమ్మా."

"కూర్చోలేనమ్మా. కిందనుంచి వల వేసి ఎనిమిదేళ్ళయింది. లోపల గుచ్చుకుంటుంది."

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టింది. "వల అంచు పొర దాటి బయటికొచ్చిందేమో. చూస్తే గానీ చెప్పలేను. తీసేవాళ్ళున్నారు. నొప్పంతా పోతుందని మాటివ్వలేను గానీ, ఇది మీ ఊహ మాత్రం కాదు."

అక్క కొంగులో మొహం దాచుకుంది. డాక్టరమ్మ తారీఖుల పుస్తకం తిరగేసింది. "ఇవాళ ఒక్కరినే చూడగలను. మీకు వచ్చేనెల..."

"వచ్చేనెలేమిటండీ!" రఫ్ఫమ్మ గభాలున బల్ల దిగిపోయింది. "ముందు మా అక్కని చూడండి. నాది తేలిపోయింది. నా కండతోనే కుట్టండి, మళ్ళీ జారితే మళ్ళీ వస్తాను. ఆ వచ్చేనెల తారీఖు నాకు రాయండి."

అక్క వద్దంటున్నా చెయ్యి పట్టుకుని బల్ల ఎక్కించి, తెర లాగి బయటికొచ్చింది. హాలు నిండా జనం.

"అప్పుడే అయిపోయిందా? మీ అక్కేది?" అన్నాడు బావగారు.

రోగం పేరెత్తాలంటే పదకొండేళ్ళుగా తలుపులేసుకున్న మనిషి, హాలంతా వినపడేలా చెప్పింది.

"లోపల అక్కని చూస్తున్నారు బావగారూ. నొప్పి నిజమేనట. ఆ రోజు నేనన్నది అబద్ధం. మీరంతా నా మాట నమ్మి నవ్వారు."