కుల్పాష్ అవ్వ విధేయత

కుల్పాష్ అవ్వకు ఒకటే జబ్బు: సామెత చెబితే అక్షరాలా పాటిస్తుంది. ఆమె మొగుడు ఒరిన్‌బాయ్‌కీ ఒకటే జబ్బు: ఆడవాళ్ల మీద సామెత విసరందే టీ గొంతు దిగదు. కాపురానికొచ్చిన నాటినుంచి ప్రతి విందుకూ, ముఖ్య అతిథి ముందు పెట్టే గొర్రె తల ఉడికించింది ఆమె. కోసి పంచుకుతిన్నది మగవాళ్లు. అవ్వ పల్లెత్తు మాట అనలేదు. విధేయురాలు మరి.

ఆ ఊళ్లో టీలో ఉప్పే వేస్తారు. అది తగ్గిందని ఓ పొద్దున, "ఆడదాని జుట్టు పొడుగు, బుద్ధి పొట్టి" అన్నాడు. సాయంత్రం కళ్లెం ఎక్కడుందని అడిగితే జడ ముందుకు వేసుకుని చూపించింది. "ఇంత పొడుగుంది ఇంటి పెద్దా, ఇక గుర్తేం ఉంటుంది?" పాపం, మంచులో దొడ్డంతా తవ్వుకున్నాడు.

"బంగారు తల ఆడదానికన్నా రాగి తల మగాడు మేలు" అన్ననాడు పొగగొట్టం ఊడింది. గాలివానలో ఆ రాగి తలనే ఇంటికప్పు ఎక్కించి, తను కింద నిచ్చెన పట్టుకుంది. ఇంత మాట వినే ఇల్లాలు ఎవరికుందని ఊళ్లో మగవాళ్లు కుళ్లుకునేవారు.

మనవరాలు తోగ్జాన్ ఎర్రగుర్రాన్ని పిల్లప్పటినుంచీ సాకింది. పందెంలో దానిమీద తానే ఎక్కాలని ఆశ. పందేనికి ముందురోజు ఊరి పెద్దలు విందుకొచ్చారు. గుర్రాన్ని మనవడికిస్తున్నానన్నాడు ఒరిన్‌బాయ్. వాడు జీనుమీద కన్నా నేలమీదే ఎక్కువగా కనిపించే రకం. తోగ్జాన్ మొహం చిన్నబోవడం చూసి తాత గడ్డం నిమురుకున్నాడు.

"ఆడపిల్ల ఇంటికి అతిథి. అతిథికి పందేలెందుకమ్మా?"

అవ్వ వంటింట్లోంచి గొర్రె తల తెచ్చింది. పెద్దలందరినీ దాటి, తోగ్జాన్‌ను తీసుకెళ్లి గౌరవాసనం మీద కూర్చోబెట్టి, పళ్లెం ఆమె ముందు పెట్టింది.

"అదేమిటే?"

"అతిథి అని నువ్వేగా అన్నావు, ఇంటి పెద్దా."

అందరూ పళ్లెం వంకే చూశారు. చివరికి అందరిలోకీ ముసలాయన మీసాల్లో నవ్వుకున్నాడు. "మాటంటే మాటే, ఒరిన్‌బాయ్. తల తిన్న అతిథిని మన తాతలు గుర్రమెక్కించే సాగనంపారు. కాలినడకన పంపి పరువు తీసుకుంటావా?"

ఒరిన్‌బాయ్ ఇంకో సామెత కోసం తడుముకుని, గుర్రం పిల్లకేనన్నాడు.

పెద్దల మాట వినాలని పిల్లలకు గొర్రె చెవి పెట్టడం ఆనవాయితీ. తోగ్జాన్ చెవి కోసి తాత చేతిలో పెట్టింది. ఇల్లంతా నవ్వింది, తాత కూడా, చెవి నములుతూ.

మర్నాడు పందెంలో తోగ్జాన్ ఎక్కిన ఎర్రగుర్రం మూడోదిగా వచ్చింది. ఆపాటికే అవ్వ గుమ్మం గుమ్మానికీ వెళ్లి, గుర్రం పిల్లకిద్దామని మా ఆయనకే తోచిందని చెప్పుకొచ్చింది. సాయంత్రానికి ఒరిన్‌బాయ్ కూడా అది నమ్మేశాడు. పిల్లకు గుర్రం దక్కింది, మొగుడికి పరువు దక్కింది. ఇన్నేళ్ల విధేయత ఈ ఒక్క పళ్లెం కోసమే కాబోలు.

ఇలాంటి సామెతలు మీ ఇంట్లోనూ ఉంటాయి. ఈసారి ఎవరైనా మీ పిల్లమీద ఒకటి విసిరితే పోట్లాడకండి. నలుగురి ముందూ, తు.చ. తప్పకుండా అమలు చేయండి.