హన్నా గారి పగడం

హన్నా గారికి మురికంటే పడదు. బల్ల మీద నీటి మరక కనబడితే పాఠం ఆపి మరీ తుడిచేది. మా బందరు కాలేజీలో జంతుశాస్త్రం డిమాన్‌స్ట్రేటరుగా చేరిన మొదటి ఆడమనిషి ఆవిడే. పక్కగదిలో నేను వృక్షశాస్త్రం డిమాన్‌స్ట్రేటర్ని. ఆవిడ కడిగిన గాజుసామాను చూసి వచ్చిన విద్యార్థులు నా గదిలో సీసా ముట్టుకోవడానికి కూడా మొహమాటపడేవారు.

ఆవిడది చల్లపల్లి దగ్గర పల్లెటూరు. తండ్రి జకరయ్య గారు అక్కడి చర్చిలో ఉపదేశి. వానాకాలం వస్తే కాలవకి ఎర్రనీళ్ళు వచ్చేవి. ఆ నీళ్ళు తేర్చడం చిన్నప్పటినుంచీ హన్నా పని. నీళ్ళు పోశాక కుండ లోపలి అంచున చిల్లగింజ అరగదీసి, కలియబెట్టి వదిలేస్తే, ఒండ్రంతా అడుక్కి దిగి పైన తేటనీళ్ళు మిగిలేవి. జకరయ్య గారింట్లో తాగితేనే దాహం తీరుతుందని ఊళ్ళో అనుకునేవారట. ఈ సంగతి నాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు.

అరవై రెండులో మా విద్యార్థులు రామేశ్వరం దగ్గర మండపం యాత్రకి వెళ్ళి, పాలక్యానులో సముద్రపు నీళ్ళు పోసి ఒక పగడాన్ని బతికుండగా తెచ్చారు. పగడమంటే ఉంగరంలో పొదిగే ఎర్రపూస కాదు. పిడికిలంత గోధుమరంగు రాయి, దానిమీద పల్చటి కండ, ఆ కండ నిండా చిన్న చిన్న నోళ్ళు. దాన్ని ఉంచిన గాజుతొట్టె మీద నల్లగుడ్డ కప్పి కాసేపాగి తీస్తే, ఒక్కో నోటి చుట్టూ సన్నటి వేళ్ళు విచ్చుకుని ఉండేవి. మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది.

శాఖాధిపతి కాంతారావు గారు దాన్ని అటూ ఇటూ చూసి పెదవి విరిచారు.

"బందరు బురదనీళ్ళలో ఇదెక్కడ బతుకుతుందమ్మా? ఫార్మలిన్‌లో వేసెయ్. పదికాలాలపాటు ఉంటుంది."

"బతికిస్తానండీ."

"ఆడపిల్లల ముచ్చట్లు ఇలాగే ఉంటాయి" అని ఆయన నవ్వారు.

ఆ ఒక్కమాట ఆయన నోరు జారకపోతే ఏ గొడవా లేకపోయేది. హన్నా గారి మొహం ఎర్రబడింది. "వేసవి సెలవులిచ్చే రోజుకి ఇది బతికి లేకపోతే నేనే ఉద్యోగం మానేసి మా ఊరు వెళ్ళిపోతానండీ" అనేసింది, విద్యార్థులందరి ముందూ. కాంతారావు గారు దాన్ని వేళాకోళం కింద తీసుకుని, ఫార్మలిన్ పోసిన సీసా ఒకటి తొట్టె పక్కనే పెట్టించారు. ఆవిడ అన్నమాట మీద నిలబడే మనిషని ఆయనకి తెలియదు. నాకు తెలుసు. అందుకే ఆ సీసా చూస్తే నాకు మండిపోయేది.

మొదట్లో అంతా బాగానే జరిగింది. బండివాడు పోతయ్య మంగినపూడి నుంచి బండి మీద కుండలతో సముద్రపు నీళ్ళు తెచ్చేవాడు. అవి చిక్కటి బురద. ఆవిడ వాటిని తేర్చి తొట్టెలో పోసేది. సైకిలు ట్యూబులో గాలి కొట్టి, సన్న గొట్టంలోంచి బుడగలు వదిలేది. ఉప్పు ఎక్కువా తక్కువా అయితే నీళ్ళ చిక్కదనం చూపే తేలుడు గాజుతో చూసి సరిచేసేది. రొయ్యని సన్నగా తరిగి నోళ్ళకి అందించేది.

సంక్రాంతి సెలవుల తరవాత పగడం మీద పాచి పట్టింది. పచ్చగా, జిగటగా, పీచులు పీచులుగా. దాని కింద నోళ్ళు మూతపడ్డాయి. ఆవిడ మేత తగ్గించింది. పాచి పెరిగింది. కిటికీకి కాగితాలు అంటించింది. కాస్త ఆగి మళ్ళీ పెరిగింది. చివరికి నీళ్ళు తరచుగా మార్చడం మొదలుపెట్టింది. మార్చినకొద్దీ పాచి ఇంకా దట్టమైంది. ఒక అంచున కండ ఊడి తెల్లటి ఎముకలాంటి రాయి బయటపడింది.

"ఈ పాచికి ఎక్కడినుంచో ఎరువు అందుతోందండీ. నా మొక్కలకే ఇంత బలం లేదు" అన్నాను.

"మీరూ నన్నే అంటారా? ఒట్టి నీళ్ళు మాస్టారూ! ఆ నీళ్ళలో నేనేమీ కలపలేదు!"

ఆవిడ అబద్ధమాడే మనిషి కాదు. నేను నమ్మాను. ఆ దారినే వెళ్తున్న కాంతారావు గారు మాత్రం సీసా మూత వదులుచేసి, "సిద్ధంగానే ఉందమ్మా" అని వెళ్ళారు. మర్నాడు హన్నా గారు బల్ల మీది తన టీగ్లాసు, గోడకి తగిలించిన గొడుగు ఇంటికి పట్టుకెళ్ళిపోయింది. గోడకి ఖాళీ మేకు మిగిలింది.

ఆ వారం పోతయ్య రెండు కుండలు దింపి వెళ్ళాడు. ఆవిడ మొదటి కుండ పని పూర్తిచేసి రెండోదాని దగ్గరికి వెళ్ళేలోపు ప్రాక్టికల్ పరీక్షకి రమ్మని పిలుపొచ్చింది. పరీక్షల హడావిడిలో రెండు కుండలూ మూలనే ఉండిపోయాయి. తీరిక చిక్కి మూతలు తీసిన ఆవిడ నన్ను కేకేసింది.

ఒక కుండలో నీళ్ళు తేటగా, సముద్రపు వాసనతో ఉన్నాయి. ఇంకోదాంట్లో తీగలు సాగే జిగురు, కుళ్ళు కంపు.

"రెండూ ఒకే బండిలో వచ్చాయి. వీటిలో పగడం లేదు, మేత లేదు. మరి ఇదెందుకు కుళ్ళింది?" అంది.

"రెంటికీ తేడా ఏమిటి?"

"ఏముంది? ఇది నేను తేర్చింది. అది పరీక్షల గొడవలో ఉండిపోయి దానంతటదే తేరుకుంది."

"దేంతో తేర్చారు?"

ఆవిడ సొరుగులోంచి సగం అరిగిన చిల్లగింజ తీసింది. దాన్ని చూసి, కుండకేసి చూసి, అలాగే స్టూలు మీద కూలబడింది.

"నీళ్ళు తేర్చడం... అది నీళ్ళలో కలపడమని నాకు ఒక్కనాడూ తోచలేదండీ" అంది.

ఇంట్లో ఏరోజు నీళ్ళు ఆరోజే తాగేస్తారు. తొట్టెలో అవి నిలవుంటాయి. అరిగిన గింజ గంధమంతా కుళ్ళి పాచికి ఎరువవుతోంది. ఇన్నాళ్ళూ శుభ్రం చేస్తున్నాననుకుంటూ ఆవిడే దానికి ఎరువు వేస్తూ వచ్చింది.

ఇక ఆవిడ కోపం ఆపడం ఎవరివల్లా కాలేదు. ఉన్న నీళ్ళన్నీ పారబోసి, తొట్టె నలుమూలలా తోమి, దానంతటదే తేరుకున్న నీళ్ళు మాత్రమే పోసింది. పాచి పోయింది. మేత వేస్తే మళ్ళీ కుళ్ళుతుందని పిసరు కూడా వెయ్యలేదు. పగడం రంగు రోజురోజుకీ వెలిసిపోయింది. పరీక్షలు ముగింపుకొచ్చాయి, సెలవులు ముంచుకొస్తున్నాయి.

"మొదట ఎక్కువపెట్టి చంపబోయాను. ఇప్పుడు మాడ్చి చంపుతున్నాను" అని తనే తిట్టుకుంది.

ఆ రోజు రొయ్యముక్క పిసరంత వేసింది. నోళ్ళు తినగా మిగిలింది వెంటనే తీసేసింది. నీళ్ళు కొంచెం కొంచెంగా మార్చింది. వెనక అద్దం మీద సన్నగా పచ్చదనం మొలిస్తే చెయ్యి చాపి, ఆగి, "నువ్వూ కాస్త తిను" అని వదిలేసింది. మిగులు ఎరువుని అది లాగేసుకుంటుందని నేను చెప్పాననుకోండి. అయినా హన్నా గారు మురికిని చూసి చెయ్యి వెనక్కి తీసుకోవడం నేను అప్పుడే చూశాను.

సెలవులిచ్చే రోజు కాంతారావు గారు, వెనక విద్యార్థులు వచ్చి నిలబడ్డారు. తొట్టె మీద నల్లగుడ్డ. హన్నా గారు పక్కకి జరిగింది. గుడ్డ నేనే తీశాను.

ఒక పక్క సగం రాయి తెల్లగా, బోసిగా ఉంది. రెండో పక్క సన్నటి వేళ్ళన్నీ విచ్చుకుని నీళ్ళలో కదులుతున్నాయి. హన్నా గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

కాంతారావు గారు చాలాసేపు వంగి చూశారు. సీసా మూత బిగించి చంకలో పెట్టుకున్నారు.

"ఏం మందు కలిపావమ్మా నీళ్ళలో?" అని అడిగారు, ఈసారి వేళాకోళం లేకుండా.

ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

"ఏమీ కలపలేదండీ" అంది. నావైపు చూసి, "ఈసారి నిజంగానే."