గంగమ్మకి తొలిముద్ద

నర్సీపట్నం ఆర్టీసీ కాంప్లెక్సు ఎదురుగా టీ కొట్టు నడిపే పైడిబాబుకి సముద్రం గురించి తెలియని సంగతంటూ లేదు. ఎటొచ్చీ అందులోకి ఎన్నడూ వెళ్లలేదు, అంతే. తల్లి పోలేరమ్మ ఒకప్పుడు పూడిమడక నుంచి చేపల గంపతో బస్సెక్కి వచ్చి అమ్ముకునేది. రోజూ తిరగలేక చివరికి ఇక్కడే ఒక గది తీసుకుంది. ఆ గదిలో పుట్టిన పైడిబాబు, పెద్దయ్యాక టీతోపాటు తుఫాను కథలు కూడా పోసేవాడు. “మాది సముద్రపు రత్తం బాబూ” అనేవాడు, గ్లాసు ఎత్తిపట్టి టీ తిరగబోస్తూ. ఆ రక్తం తాండవ డ్యాం చూడ్డానికి వెళ్లినా గట్టు దిగదని అతని భార్య ఝాన్సీలక్ష్మికి తెలుసు. ఆమె తండ్రి సింగన్నకి ఇంకా బాగా తెలుసు.

సింగన్న పోలేరమ్మకి స్వయానా తమ్ముడు, పూడిమడకలో సొంత పడవున్న మనిషి. మేనల్లుడని పిల్లనిచ్చాడు గానీ మర్యాద మాత్రం ఇవ్వలేదు. వాళ్ల ఊళ్లో గంగమ్మ పండక్కి ఇంటికో మగవాడు నైవేద్యపు ఘటం ఎత్తుకుని అలల్లోకి దిగి అమ్మకి ముద్ద వేస్తాడు. సింగన్నకి కొడుకుల్లేరు, మోకాళ్లూ లేనట్టే. అయినా కుంటుకుంటూ తనే ఎత్తేవాడు. “మావా, ఈ ఏడు నానెత్తుతాను” అని పైడిబాబు చేతులు చాచినప్పుడల్లా ఒకటే జవాబు. “నేల కానరానంత దూరం ఎల్లొచ్చినోడే ఘటం ఎత్తాల. నువ్వు టీ గ్లాసులెత్తుకో.” అదీ ఊరంతా వింటుండగా. నర్సీపట్నం బస్సులో కిటికీ పక్కన కూర్చుని పైడిబాబు ఏడ్చేవాడు. ఎవరైనా చూస్తే కంట్లో ఇసక పడిందనేవాడు.

2003లో అతని నోరే అతన్ని పట్టించింది. సూర్యనారాయణమూర్తి గారని, విశాఖపట్నంలో ఓడల మరమ్మతు ఉద్యోగం చేసి రిటైరై సొంతూరు చేరినాయన. ఆయన వయసువాళ్లు బలిఘట్టం గుడికి వెళ్లి ప్రదక్షిణలు చేసుకుంటుంటే, ఈయన విశాఖలో ఒక చిన్న తెరచాప పడవ కట్టించారు. హిందూ మహాసముద్రం దాటి మారిషస్ వెళ్తారట. పడవకి భార్య పేరే పెట్టారు, బాలాంబ అని. అసలు బాలాంబ గారు దాని మొహం కూడా చూడలేదు. ఇక తోడుకి ఒక మనిషి కావాలి. ఏళ్ల తరబడి తుఫాను కథలు వింటూ టీ తాగినాయన ఇంకెవరిని అడుగుతారు?

“సముద్రపు రక్తం కదయ్యా నీది, వస్తావా?” అన్నారు. కొట్టు దగ్గర జనం ఉన్నారు. జనం ముందు “రాను” అనడం పైడిబాబుకి చేతకాదు. పైగా ఘటం గుర్తొచ్చింది.

“తాండవ గట్టు దిగనోడు సముద్రం దాటుతాడంట!” అని ఝాన్సీలక్ష్మి పడీ పడీ నవ్వింది. సంచిలో ఆవకాయ సర్దుతున్నప్పుడు మాత్రం నవ్వలేదు. “మా అయ్య మాట పట్టుకుని పేనం మీదికి తెచ్చుకోకు. బేగి వొచ్చీ” అంది.

నేల కనుమరుగు కాగానే సముద్రపు రక్తం తన ప్రతాపం చూపించింది. పైడిబాబు కడుపులో ఉన్నదంతా వరసగా బయటికొచ్చింది. కాస్త తేరుకుని ఉప్మా వండాక తల్లి చెప్పిన మాట గుర్తొచ్చింది. నడిసముద్రంలో పొయ్యి వెలిగిస్తే తొలిముద్ద గంగమ్మది. భక్తిగా ముద్ద తీసుకుని, మొహానికి గాలి తగిలే పక్కన నిలబడి, కళ్లు మూసుకుని విసిరాడు. గాలి దాన్ని భద్రంగా తెచ్చి మూర్తి గారి కళ్లజోడు మీద పెట్టింది. ముద్ద చాలలేదేమోనని మర్నాడు ఇంకా పెద్దది, ఇంకా గట్టిగా విసిరాడు.

“అమ్మ కోపంగా ఉన్నాది బాబూ.”

“కోపం అమ్మకి కాదయ్యా, నాకు! అవతలి పక్కకి పోయి వెయ్యి” అన్నారాయన, మీసాల్లోంచి కరివేపాకు తీసుకుంటూ.

ఆపైన బతుకంతా ఒక పక్కకి ఒరిగే గడిచింది. పడవ కుడికి వాలితే కుడిగోడే పరుపు. అన్నంలో సగం ఉప్పునీళ్లు పోసి వండడం, ఉప్పునీళ్లతోనే గిన్నెలు తోమడం, నురగ రాని సబ్బుతో ఒళ్లు రుద్దుకోవడం. నడుముకి తాడు కట్టుకుని బకెట్టు మీద కూర్చునేటప్పుడు మహాసముద్రం పైడిబాబుకి అంత గొప్పగా ఏమీ కనిపించలేదు. వంతులేసుకుని ఒకరు చుక్కాని పడితే ఒకరు పడుకునేవారు. గాలి ఆగిపోతే తెరచాప ఉతికి ఆరేసిన పంచెలా వేలాడేది. అప్పుడు మూర్తి గారు వాతావరణం తప్పు చెప్పిందని రేడియోని తిట్టేవారు, పైడిబాబు మూర్తి గారిని తిట్టుకునేవాడు. పొద్దున్నే ఎగిరే చేపలు వాటంతటవే వచ్చి పడవలో పడితే మాత్రం ఇద్దరూ ఒక్కటైపోయేవారు. ఒకసారి పెద్ద అల మీద పడి పీకలదాకా ముంచేసినప్పుడు అతనికి గంగమ్మా గుర్తురాలేదు, ఘటమూ గుర్తురాలేదు. “లచ్చిమీ” అని అరిచాడు.

మారిషస్ నుంచి విమానంలో తిరిగొచ్చాక నర్సీపట్నంలో దండ వేశారు, పేపర్లో ఫోటో పడింది. కొట్టు దగ్గర అలలు కాంప్లెక్సు కన్నా ఎత్తు పెరిగాయి. సింగన్న కబురైనా పంపలేదు.

పండగనాడు పూడిమడక ఒడ్డున ఘటం పక్కనే కూర్చుని, సింగన్న అల్లుణ్ని అందరి ముందూ అడిగాడు. “అమ్మకి ముద్దేసినావా?”

“రోజూ ఏసినాను మావా.”

“ఏ పక్క నుంచి?”

సరైన జవాబు పైడిబాబుకి ఇప్పుడు తెలుసు. ఒక్క ముక్క అంటే చాలు, ఘటం నెత్తికెక్కుతుంది. కానీ ఎదురుగా ఆ నీళ్లు కనిపిస్తుంటే కోతలు కొయ్యడానికి మొదటిసారి నోరు రాలేదు.

“ముందు గాలొచ్చే పక్క నుంచే ఏసినాను మావా. తిరిగొచ్చి మూర్తి గారి మొకం మీద పడింది. మర్నాడు ఇంకా పెద్దదేసినాను. అదీ పడింది.”

ఊరు ఊరంతా విరగబడి నవ్వింది. ఝాన్సీలక్ష్మి తల దించుకుంది. సింగన్న ఒక్కడే నవ్వలేదు. చెంప తడుముకున్నాడు.

“నాను మా అయ్య మొకం మీద ఏసినాను. నడిసముద్రంలోనే లాగి కొట్టినాడు” అన్నాడు. “గాలి పోయే పక్కనుంచని ఒడ్డు మీద కూకున్నోడైనా సెప్తాడు. ఈ మాట ఎల్లినోడే సెప్పగలడు. రా, ఎత్తు.”

పైడిబాబు ఘటం ఎత్తుకుని మొలలోతు నీళ్లలోకి దిగాడు. అందులోంచి ముద్ద తీసి, ఈసారి కళ్లు తెరిచే, గాలి ఎటుందో చూసుకున్నాడు. వెనకాల నిలబడ్డ సింగన్న ఎందుకైనా మంచిదని రెండడుగులు పక్కకి జరిగాడు.