మాడ్యులా-2 వదలని మా సార్

మా సార్ పోయారని తెలిసేసరికి నేనింకా ఆయన మీద కోపంగానే ఉన్నాను.

సోమవారం పొద్దున్న ఆఫీసుకు బయల్దేరి మణికొండ సందుల్లోంచి మెయిన్ రోడ్డు ఎక్కకముందే అమ్మ ఫోన్ చేశారు. అమ్మంటే సార్ భార్య. నర్సుగా చేసి రిటైరయ్యారు. మా బ్యాచ్ వాళ్ళందరికీ ఆమె అమ్మే. "సార్ పోయిన్రు బిడ్డా. పొద్దుగాల ఛాతిల నొప్పన్నరు. దవాఖానకు తీస్కపోయేలోపట్నే..." అని ఆగిపోయారు. వెనక కార్లవాళ్ళు హారన్లు కొడుతూనే ఉన్నారు. నాకు వెంటనే ఏడుపు రాలేదు. శనివారం సాయంత్రం ఆయన ఫోన్ చేస్తే నేను ఎత్తలేదన్న సంగతి ఒక్కటే గుర్తొచ్చింది.

ఎందుకు ఎత్తలేదో చెప్పాలంటే ముందు ఆయనెవరో చెప్పాలి.

నాన్న ఉద్యోగం బదిలీ అయ్యి మేం కాకినాడ నుంచి హైదరాబాదు వచ్చినప్పుడు నేను పాలిటెక్నిక్‌లో చేరాను. నలభై మందికి పనిచేసే కంప్యూటర్లు మూడు. అందుకని సార్ మాకు పాస్కల్ అనే కంప్యూటర్ భాషను నల్లబల్ల మీదే నేర్పారు. రూళ్ళ కాగితం మీద ప్రోగ్రాం రాయాలి. లోపలి వరుస ప్రతిదీ రెండు వేళ్ళ దూరం జరగాలి. ఆయన నిజంగానే వేళ్ళు ఆనించి కొలిచేవారు. ఎక్కడైనా సెమికోలన్ మర్చిపోతే అక్కడ పెన్సిల్ మొనతో కాగితానికి చిన్న చిల్లు పెట్టేవారు. "గీ చిల్లుల నుంచే నీ ప్రోగ్రాం కారిపోతది" అనేవారు. నేను "అలాగేనండి" అన్నప్పుడల్లా, "అండి ఎందుకు బిడ్డా, నేనేమన్న కలెక్టర్నా?" అని నవ్వేవారు.

ల్యాబ్‌లో మా వంతు వచ్చి, మేం రాసినదాన్ని కంప్యూటర్‌కు అర్థమయ్యే రూపంలోకి మార్చే కంపైలర్ తెర నిండా తప్పులు చూపించినప్పుడు మేం బిక్కమొహాలు వేస్తే ఆయనకు ఎక్కడలేని హుషారొచ్చేది. "కంపైలర్ తిడితే మంచిదే. తిట్టకుండ ఊకున్నదాన్ని నమ్మకుండ్రి" అనేవారు.

పాస్కల్‌ను తయారుచేసిన పెద్దమనిషే దాని తర్వాత మాడ్యులా-2 అనే భాషను, ఆ తర్వాత ఒబెరాన్‌ను తయారుచేశాడు. లోకం మాత్రం ఆయన వెనకాల పోలేదు. పాస్కల్ వచ్చినవాళ్ళు కొందరు డెల్ఫీకి మారారు, మిగతావాళ్ళం సి, జావా పట్టుకుని ఉద్యోగాల్లో పడ్డాం. మా సార్ మాడ్యులా-2 దగ్గర ఆగిపోయారు. ఆ భాషలో ప్రోగ్రాంలోని ప్రతి భాగాన్నీ రెండుగా రాస్తారు. ఈ భాగం ఏం చేస్తుందో ఒక చోట, ఎలా చేస్తుందో ఇంకో చోట. మిగతా ప్రోగ్రాం మొదటిదాన్నే చూస్తుంది, రెండోదానితో దానికి పనిలేదు. సార్‌కి అదంటే ప్రాణం. "ఏం చేస్తవో ముందుగాల మాటియ్యి. ఎట్ల చేస్తవన్నది నీ ఇంటి సంగతి" అని మాకు వందసార్లు చెప్పి ఉంటారు.

ఆ భాషలోనే ఆయన ఒక ప్రోగ్రాం రాశారు. బాచుపల్లి దారిలో వినికిడి లేని పిల్లల బడి ఒకటుంది. అమ్మ అక్కడికి వారానికోసారి పిల్లల్ని చూడ్డానికి వెళ్ళేవారు. ఆ బడి కోసం రాసిందే ఈ ప్రోగ్రాం. పిల్ల మైకు ముందు మాట పలికితే ఆ గొంతు తెర మీద గీతగా కనబడుతుంది. గొంతు లేస్తే గీత లేస్తుంది, దిగితే దిగుతుంది. తమకు వినబడని గొంతును పిల్లలు కళ్ళతో చూసి దిద్దుకుంటారు. మైకును కంప్యూటర్‌కు కలిపే పెట్టెను కూడా సార్ సొంతంగా తయారుచేసి, ప్రింటర్ తగిలించే చోట తగిలించారు. దాదాపు ముప్పై ఏళ్ళు నడిచింది. కిందటి వానాకాలంలో ఆ కంప్యూటర్ చచ్చిపోయింది. కొత్త కంప్యూటర్లకు ఆ పెట్టె తగిలించే చోటే లేదు. శబ్దం తీసుకునే భాగం మార్చి రాసి, ప్రోగ్రాం మొత్తాన్నీ మళ్ళీ కంపైల్ చెయ్యాలి.

"ఒక్క కంపైలర్ దొరకబట్టు బిడ్డా. మిగిలింది నేను సూస్కుంట" అన్నారు సార్.

ఒక్క కంపైలరేగా అనుకున్నాను.

సార్ దగ్గర ఆయన ప్రోగ్రాం ఫ్లాపీలూ, పాత కంపైలర్ ఫ్లాపీలూ ఉన్నాయి. చెమ్మ తగలకుండా బియ్యం మూటతో పాటు బిస్కెట్ల డబ్బాలో దాచారు. వాటిని చదవడానికి డ్రైవ్ కావాలి. సికింద్రాబాద్‌లో పాత కంప్యూటర్ల సందంతా తిరిగాను. "ఫ్లాపీ డ్రైవా మేడం? మ్యూజియంల అడగండి" అన్నాడు ఒకాయన. నాలుగో శనివారానికి ఒకటి దొరికింది. సార్ ప్రోగ్రాం అంతా చక్కగా చదివింది, కంపైలర్ రెండో ఫ్లాపీని మాత్రం చదవలేదు. దాన్ని తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతబడింది. ఇంటర్నెట్‌లో వెతికితే దొరికిన లింకుల్లో సగం తెరుచుకోవు. ఒకచోట ఎవరో పెద్దమనిషి సరిగ్గా నా కష్టమే రాసుకుని, కింద "దొరికింది, పనైపోయింది" అని ముగించాడు. ఎక్కడ దొరికిందో రాయలేదు. అతని మీద నాకొచ్చిన కోపం ఇంతా అంతా కాదు.

ఆఫీసులో భోజనాల దగ్గర మాడ్యులా ఎవరికైనా తెలుసా అని అడిగితే, పక్క టీమ్ అమ్మాయి "మాడ్యులర్ కిచెన్ చేయిస్తున్నారా అక్కా? పుప్పాలగూడలో మావాళ్ళకు తెలిసినాయన ఉన్నాడు" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ మింగుడు పడలేదు.

ఉచితంగా దొరికే పాస్కల్ కంపైలర్ ఇప్పటికీ బ్రహ్మాండంగా నడుస్తోంది. మాడ్యులా-2 సంగతి అలా కాదు. ఒక కంపైలర్‌కు ఆ భాషలో ఒక వెర్షన్ కావాలి, ఇంకోదానికి ఇంకో వెర్షన్. ఒక్క పేరు కింద మూడు భాషలున్నట్టు అనిపించింది. చివరికి ఒకటి సార్ రాసినదాన్ని ఒప్పుకుంది. ఒప్పుకుని, గీతలు గీసే భాగం ఏదీ అని అడిగింది. ఆ భాగం పాత కంపైలర్‌తో పాటు ఆ కంపెనీయే ఇచ్చింది. ఏం చేస్తుందో రాసిన కాగితం ఉంది, ఎలా చేస్తుందో వాళ్ళు ఎవరికీ ఇవ్వలేదు.

ఆరోజు పుప్పాలగూడలో సార్ వాళ్ళ మూడో అంతస్తుకు వెళ్ళి బ్యాగు సోఫాలో పడేశాను. "ఇక నా వల్ల కాదండీ. రెండు వారాలు టైమివ్వండి, మొత్తం పైథాన్‌లో కొత్తగా రాసేస్తాను. లేదంటే ఫోన్‌లో ఇలాంటి యాప్‌లు బోలెడున్నాయి, ఒకటి పెట్టేద్దాం" అన్నాను.

బడి నుంచి వచ్చిన టీచరమ్మ అక్కడే కూర్చుని ఉంది. పిల్లలకు మాట్లాడ్డం నేర్పేది ఆమే. "యాప్ పెట్టి సూసినం మేడం" అంది నెమ్మదిగా. "గట్టిగ అరిస్తే స్టార్ ఇస్తది. మా పిల్లలు అరిసి అరిసి గొంతులు పోగొట్టుకుంటున్నరు. ఇగ తీసేసినం."

సార్ కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. ఆలోచించేటప్పుడు ఆయన అలవాటది. "పైథాన్ల రాస్తవు, సరే. పిల్ల గొంతును పట్టే లెక్క నేను ఎన్నేండ్లు సరిజేసిన్నో నీకెర్కనా? మొత్తం తిరగరాస్తే తప్పు ఏడ దూరిందో ఎట్ల తెలుస్తది? ముందుగాల ఉన్నది ఉన్నట్టు నడిపియ్యి. తర్వాత ఏ భాషల రాస్తవో రాసుకో." తర్వాత మెల్లగా అన్నారు: "ఏం చెయ్యాల్నో కాయితం ఉన్నది గదా. ఎట్ల చెయ్యాల్నో మనమే రాద్దాం."

మొండితనం అనుకున్నాను. ఇరవై ఏళ్ళుగా ఇదే పని చేస్తున్న నాకు ఆయన చెప్పింది సబబేనని తెలుసు. తెలిసినా ఒప్పుకోబుద్ధి కాలేదు.

ఆదివారం ఆదివారం కూర్చుని శబ్దం తీసుకునే భాగమూ, గీతలు గీసే భాగమూ రాశాం. కళ్ళు సహకరించక ఆయన కాగితం మీద రాసేవారు, నేను టైపు చేసేదాన్ని. అదే రెండు వేళ్ళ కొలత. అమ్మ మధ్యలో ఉప్మా పెట్టి, "ఇద్దరికి ఇద్దరు సరిపోయిన్రు" అని పోయేవారు. నేను కొన్ని ఆదివారాలు ఎగ్గొట్టాను. ఆఫీసులో రిలీజ్ ఉందని చెప్పాను. రెండుసార్లు నిజంగానే ఉంది.

ఆయన పోవడానికి ఎనిమిది రోజుల ముందు ప్రోగ్రాం మొదటిసారి కంపైల్ అయింది. ఒక్క తిట్టు లేదు. నేను మైకులో "అమ్మ" అన్నాను. గీత లేచింది, లేస్తూ తెర పైఅంచుకు పోయి అక్కడే అతుక్కుపోయింది. మళ్ళీ అన్నాను. మళ్ళీ అంతే. మూడు గంటలు చూశాం.

"మీ లెక్కలోనే ఏదో ఉంది సార్" అన్నాను.

"ముప్పై ఏండ్లు నడిచిన లెక్క అది. నువ్వు రాసినకాడ సూడు."

"నేను రాసిందంతా చూశానండి. నాలుగుసార్లు చూశాను."

"అయిదోసారి సూడు."

నాకు ఒళ్ళు మండిపోయింది. తొమ్మిది నెలల శనివారాలు, ఆదివారాలు కళ్ళముందు తిరిగాయి. ల్యాప్‌టాప్ మూసి, అమ్మ పోసిన టీ తాగకుండానే వచ్చేశాను. వారమంతా ఆ ఫైలు తెరవలేదు. శనివారం సాయంత్రం ఫోన్ మోగి, తెర మీద "సార్" అని కనబడితే బోర్లా తిప్పి పెట్టాను. రేపు చేద్దాంలే అనుకున్నాను. ఆదివారం కూడా చెయ్యలేదు.

కర్మకాండలన్నీ అయ్యాక అమ్మ నన్ను లోపలికి పిలిచి నాలుగు రూళ్ళ కాగితాలు చేతిలో పెట్టారు. "శనివారం పొద్దంత ఇవే ముంగట వెట్టుకోని కూసున్నరు. నీకు ఫోన్ జేసిన్రు గదా, చెప్పలేదా?"

"నేను ఎత్తలేదమ్మా" అన్నాను. ఆమె నా భుజం మీద చెయ్యేసి కాసేపు నిలబడ్డారు.

మొదటి మూడు కాగితాల నిండా అంకెలే. లెక్కను ఆయన అడుగడుగునా చేత్తో చేసి చూసుకున్నారు. పాత కంపైలర్‌లో ఒక అంకెను దాచుకునే చోటు చిన్నది. అరవై అయిదు వేలు దాటగానే నిండిపోయి మళ్ళీ సున్నాకు వచ్చేది. కొత్త కంపైలర్‌లో ఆ చోటు చాలా పెద్దది, నిండదు; అంకె పెరుగుతూనే పోయి గీతను తెర పైఅంచుకు తోసేసింది. ఆయన ప్రోగ్రాం ఆయనకు కూడా తెలియకుండా ఆ నిండిపోవడం మీదే ఆధారపడి ఇన్నేళ్ళు నడిచింది. నాలుగో కాగితం కింద వంకర అక్షరాలతో రాసి ఉంది: "తప్పు నాదే బిడ్డా. ఇన్నేండ్లు కంపైలర్ తిట్టలే, నేను నమ్మిన. నువ్వు రాసింది సక్కగనే ఉన్నది."

ఆ మాట చెప్పడానికే ఫోన్ చేశారు.

విద్యార్థి దగ్గర తప్పు ఒప్పుకోవడానికి ఒక రోజంతా కూర్చుని లెక్క చేసిన మనిషాయన. నా కోపం ఒక్క రోజు తగ్గినా ఆ మాట ఆయన నోట విని ఉండేదాన్ని. ఆయన మీది కోపం పోయింది గానీ, నా మీద నాకున్నది ఇప్పటికీ పోలేదు. ఎవరిని వేడుకుంటే పోతుందో తెలియదు.

సరిచేయడానికి ఒక్క వరుస మార్చితే సరిపోయింది.

శుక్రవారం సెలవు పెట్టి బాచుపల్లి వెళ్ళాను. టీచరమ్మ కొత్త కంప్యూటర్ ముందు రెండు జడల పిల్లను కూర్చోబెట్టింది. ఏడేళ్ళుంటాయి. మాటల జాబితాలోంచి టీచరమ్మ "పాలు" ఎంచింది. తెర మీద పసుపుపచ్చ గీత ఒకటి ముందే గీసి ఉంది. "పా" దగ్గర మెత్తగా లేచి, కాసేపు నిలిచి, "లు" దగ్గర దిగింది. పిల్ల పలికినప్పుడు ఆకుపచ్చ గీత వచ్చి దానితో కలవాలట. ఇంట్లో ఎప్పుడూ నా గొంతుతోనే పరీక్షించాం గనక ఆ మాటల ఫైలు నేను తెరిచి చూడనేలేదు.

"ఈ పసుపు గీత ఎవరిదండీ?" అని అడిగాను.

"సార్‌దే మేడం" అంది టీచరమ్మ. "అప్పట్ల ఈడనే కూసోని రెండు వందల మాటలు పలికిన్రు. మా పిల్లలందరు సార్ గొంతు సూసే నేర్చుకున్నరు."

శబ్దం ఎక్కడా లేదు. ఆ రోజుల్లో డిస్కులో అంత చోటుండేది కాదు. గీత మాత్రమే దాచారు.

పిల్ల మైకు దగ్గరికి జరిగింది. "పా..." అంది. ఆకుపచ్చ గీత కిందెక్కడో మొదలై, తడబడుతూ లేచి, పసుపు గీతను దాటిపోయి, ఆగిపోయింది. పిల్ల మొహం చిట్లించుకుని, గొంతు మీద అరచెయ్యి ఆనించుకుని మళ్ళీ పలికింది. ఈసారి గీత నెమ్మదిగా లేచింది. పసుపు గీత పక్కకు చేరి, దాన్ని రాసుకుంటూ కాస్త దూరం నడిచింది.