చింతా వారి జాడీ

ఇవాళ పొద్దున నేను మూడేళ్ల నాటి చింతపండు పారేశాను. ఏలూరులో మా వంటింటి అలమర సర్దుతూ జాడీ మూత తీస్తే, ఉప్పూ పులుపూ కలిసిన ఘాటు వాసన ముక్కుకు కొట్టింది. లోపల ఉండ తారులా నల్లగా ఉంది. పాడైందనుకుని చెత్తబండిలో వేసేశాను. మా అమ్మాయికి ఈ వారమే పురుడు. బాలింత పథ్యానికి పాత చింతపండే వాడాలని మా ఇళ్లలో పట్టింపు; అమ్మాయి పెళ్లయిన ఏడే మా ఆవిడ దాన్ని జాడీకెత్తింది.

"జాడీ ఖాళీగా ఉందేంటండీ?" అని ఆవిడ అడిగితే, "మంగని అడుగు" అనేశాను. మంగ మా ఇంట్లో పనిచేస్తుంది.

అన్నాకే గుర్తొచ్చింది. ఎనిమిదో ఏట కూడా నేనిలాంటి మాటే అన్నాను.

మా ఇంటిపేరు చింతా, ఊరు చింతలపూడి. ఎండలు ముదిరేసరికి వాకిలంతా చింతకాయలే. పెంకులు చిట్లే చప్పుడు, వేళ్లకు అంటుకునే జిగురు, గింజలతో మా వామనగుంటలు, నాయనమ్మ ఉప్పు చల్లి ఒత్తే ఉండలు, మధ్యాహ్నం కొల్లేటి ఎండుచేపల పులుసు కాగే వాసన. గింజలు తీయడానికి మీరాబీ వచ్చేది.

"ఇంటిపేరు చింతా, ఊరు చింతలపూడి, నోట్లో చింతపండు! ఇంకో మాటే దొరకలేదేటండి బాబుగారూ?" అని నన్ను ఏడిపించేది. వాళ్లింట్లో దాన్ని ఇమ్లీ అనేవారు. నాగపూర్ వెళ్లొచ్చిన ఆమె తమ్ముడు అక్కడ చింతంటే దిగులని చెప్పాడట. "దిగులుతో పులుసెట్టుకుంటారా మీరు?" అని విరగబడి నవ్వేది.

ఆ ఏడు మా మేనత్త పురిటికొచ్చింది. ఆవిడ కోసం దాచిన పాత ఉండను బెల్లంతో దంచి, ఈనెపుల్లకు గుచ్చి, దొడ్లో కూర్చుని చప్పరించేశాను. నాయనమ్మ కేకలేస్తే, "మీరాబీని అడుగు" అన్నాను. మీరాబీ నావంక ఒకసారి చూసి, చేతుల జిగురు కడుక్కుని, చేట గోడకానించి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. అత్తకేమైనా అయితే నావల్లేనని పురుడయ్యేదాకా వణికాను. తల్లీ బిడ్డా క్షేమంగానే ఉన్నారు. నేను మాత్రం నిజం చెప్పలేదు.

ఇవాళ మా ఆవిడ అడిగేసరికి మంగ కూడా పంపు దగ్గర చేతులు కడుక్కోవడం మొదలుపెట్టింది. అది చూసి తట్టుకోలేకపోయాను. "పారేసింది నేనే. నీమీద పెట్టాను, తప్పయింది మంగా" అని, మా ఆవిడ ఎదుటే చెప్పి, మీరాబీకీ చెప్పుకోవాలని చింతలపూడి బస్సెక్కాను.

మా వాకిలి ఉన్నచోట ఇప్పుడు ఎరువుల గోడౌను. ఊరి చుట్టూ పామాయిల్ తోటలు. చింతచెట్టు ఒక్కటీ కనబడలేదు. మీరాబీ పోయి రెండేళ్లయిందట. వాళ్లింటికెళ్లి ఆమె కోడలికి అంతా చెప్పాను.

"అత్తమ్మకి తెలుసండీ. ఆ రోజు మీ మూతికి బెల్లం అంటుకునుందంట. చెబితే మిమ్మల్ని కొడతారని నోరెత్తలేదంట" అంటూ లోపలికెళ్లి, నల్లటి ఉండ ఒకటి కాగితంలో చుట్టి తెచ్చింది. "ఎవరి పురిటికైనా అడుగుతారని ఎప్పుడూ ఉంచేదండీ."

సాయంత్రం జాడీ నేనే కడిగి, తుడిచి ఆరబెట్టాను. ఆ పొట్లం మాత్రం మంగ చేతికే ఇచ్చి జాడీలో పెట్టమన్నాను.